స్వాతి కార్తెలో నాటి, సంక్రాంతికి తవ్వుకునే ఆలుగడ్డ: పెరట్లో త్వరగా చేతికొచ్చే పంటకు పూర్తి వివరాలు

హైదరాబాద్ శివార్లలో మా పెరట్లో నేను మొదటిసారి ఆలుగడ్డ నాటింది డిసెంబరు చివర్లో. వంటింటి గంపలో మొలకలొచ్చిన గడ్డలు కనిపిస్తే తీసుకెళ్ళి మట్టిలో పెట్టాను. మొక్కలు చక్కగా వచ్చాయి, మోకాలెత్తు పెరిగాయి, ఆకు ముదురు పచ్చగా ఉంది. మార్చిలో ఆశగా తవ్వితే ఒక్కో మొక్క కింద గోళీకాయలంత గడ్డలు నాలుగైదు. ఎరువు తక్కువైందనుకుని మరుసటి ఏడు ఎరువు పెంచాను. ఆకు ఇంకా పెరిగింది, గడ్డ పెరగలేదు. లోపం తేదీలో ఉందని నాకు అర్థమయ్యేసరికి రెండు చలికాలాలు పోయాయి. మీకు అలా కాకూడదని ఇది వివరంగా రాస్తున్నాను.

తెలంగాణలో ఆలుగడ్డ అంటాం, రాయలసీమలో ఉర్లగడ్డ అంటారు, కోస్తాలో బంగాళాదుంప. పేరు ఏదైనా దాని స్వభావం ఒకటే. అది వేరు కాదు, భూమి లోపల పెరిగే కాండం. మొక్క ఆకుల్లో తయారైన ఆహారం రాత్రిపూట కిందికి దిగి, భూమిలోని సన్నటి తీగల కొసల్లో గడ్డగా చేరుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 17, 18 డిగ్రీల దగ్గర ఉంటే ఈ పని బాగా సాగుతుంది. 20 దాటితే మందగిస్తుంది. రాత్రులు ఇంకా వేడెక్కితే ఆ ఆహారం గడ్డలోకి దిగకుండా ఆకులకూ కొమ్మలకూ పోతుంది. నా మార్చి మొక్కలు అంత పచ్చగా ఉండి కూడా కింద ఏమీ లేకపోవడానికి కారణం ఇదే.

మన దగ్గర అలాంటి చల్లటి రాత్రులు రెండున్నర నెలలు ఉంటే గొప్ప. అందుకే పెరటి తోటకు 70, 80 రోజుల్లో అయిపోయే తొందర రకాలే సరిపోతాయి.

నాటే తేదీ

తొందర రకాల్లో గడ్డ కట్టడం నాటిన 30, 35 రోజులకు మొదలవుతుంది. అక్కడి నుంచి మరో 35, 40 రోజులు గడ్డ ఊరుతుంది. ఈ ఊరే రోజులు ఏడాదిలో బాగా చల్లగా ఉండే డిసెంబరు, జనవరి మొదటి పక్షంలో పడాలి. వెనక్కి లెక్కేస్తే నాటాల్సింది అక్టోబరు ఆఖరు వారం నుంచి నవంబరు మొదటి వారం లోపు. అంటే స్వాతి కార్తె. నవంబరు 1న నాటిన మడికి సంక్రాంతి నాటికి 75 రోజులు నిండుతాయి.

ఇంకా ముందు నాటితే ఇంకా ముందే వస్తుంది కదా అని కొందరు సెప్టెంబరులోనే పెడతారు. అప్పటికి వానలు పోవు, నేల వేడి తగ్గదు. గడ్డ మొలవకముందే కుళ్ళిపోతుంది. నవంబరు 20 దాటితే మాత్రం ఆ ఏటికి వదిలేయండి, ఆ మడిలో మెంతికూరో పాలకూరో చల్లుకోండి.

ఈ లెక్క హైదరాబాద్, మెదక్, సంగారెడ్డి, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు వాళ్ళకు బాగా కుదురుతుంది. తెలంగాణలో ఆలుగడ్డకు పేరున్న జహీరాబాద్ ప్రాంతం ఈ పట్టీలోనే ఉంది. మదనపల్లె, పలమనేరు వైపు నేల ఎత్తు ఎక్కువ, రాత్రులు చల్లన, అందుకే అక్కడ ఖరీఫ్‌లో కూడా వేస్తారు. విజయవాడ, రాజమండ్రి, నెల్లూరు వాళ్ళకు ఉన్నమాట చెప్పాలి: మీ దగ్గర చలి తక్కువ, దిగుబడి కూడా తక్కువే. నాలుగు సంచుల్లో వేసుకుని సరదా తీర్చుకోవచ్చు గానీ, మడి నిండా వేసి నిరాశపడొద్దు. మీరు వేసేటట్లయితే నవంబరు రెండో వారం వరకు ఆగండి.

ఏ రకం, ఎక్కడి విత్తనం

మన దేశంలో పేరున్న ఆలుగడ్డ రకాల ముందు ‘కుఫ్రీ’ అని కనిపిస్తుంది. కుఫ్రీ హిమాచల్‌ప్రదేశ్‌లో సిమ్లా దగ్గరున్న ఊరు. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసే రకాలకు ఆ ఊరి పేరు పెడుతూ వచ్చారు. ఇంటి తోటకు పనికొచ్చేవి ముఖ్యంగా నాలుగు.

కుఫ్రీ పుఖ్రాజ్ 1998లో వచ్చింది. లేత పసుపు తోలు, త్వరగా ఊరుతుంది, కొత్తవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. కుఫ్రీ చంద్రముఖి 1968 నాటి పాత రకం, రుచి బాగుంటుంది, కానీ ఆకుమాడు తెగులుకు తొందరగా లొంగిపోతుంది. కుఫ్రీ లౌవ్‌కర్ 1972లో దక్కను పీఠభూమి కోసం వచ్చింది. మరాఠీలో ‘లవకర్’ అంటే త్వరగా అని అర్థం. కుఫ్రీ సూర్య 2006లో వచ్చింది, మిగతా వాటికంటే వేడిని ఓర్చుకుంటుంది. కోస్తా వాళ్ళూ, మిద్దె మీద పెంచేవాళ్ళూ సూర్య దొరికితే ఇంకేదీ చూడక్కర్లేదు.

విత్తన గడ్డ సంపాదించడమే ఈ మొత్తం పనిలో కష్టమైన భాగం. జహీరాబాద్ వైపు రైతులు తెలిసినవాళ్ళుంటే, వాళ్ళు విత్తనం తెప్పించుకునేటప్పుడు ఓ రెండు కిలోలు అడిగి తీసుకోవడం అన్నిటికంటే మంచి దారి. నర్సరీల్లో దొరికితే రకం పేరు అడిగి తీసుకోండి. ఇవేవీ కుదరకపోతే కూరగాయల మార్కెట్‌ గడ్డతోనూ పండుతుంది, కాకపోతే మూడు సంగతులు చూడాలి. ఒకటి, బొటనవేలితో రుద్దితే తోలు ఊడే గడ్డ కొత్త పంటది. దానికి ఆరు నుంచి పది వారాల నిద్ర ఉంటుంది, మొలవదు. తోలు గట్టిపడ్డ కోల్డ్ స్టోరేజీ గడ్డ కావాలి. రెండు, కొన్ని గడ్డలకు మొలక రాకుండా మందు కొట్టి ఉంటారు. రెండు మూడు వారాలు బయట ఉంచినా కన్ను పొడవకపోతే కూరలో వేసేయండి. మూడు, కోడిగుడ్డంత ఉండాలి, 30 నుంచి 50 గ్రాములు. మచ్చలు, గజ్జి, మెత్తదనం ఉంటే వద్దు.

ఎంత కావాలి? పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు మడికి 30 గడ్డలు, అంటే సుమారు కిలోంబావు.

మొలక కట్టించడం

తొందర పంటకు ప్రాణం ఇక్కడే ఉంది. నాటడానికి మూడు వారాల ముందు, అంటే అక్టోబరు 10 కల్లా, గడ్డల్ని కోడిగుడ్ల అట్టల్లో కళ్ళు ఎక్కువగా ఉన్న కొస పైకి వచ్చేలా నిలబెట్టండి. వెలుతురు పడాలి, ఎండ తగలకూడదు, గాలి ఆడాలి. ఉత్తరం వైపు కిటికీ గట్టు గానీ వరండా గానీ సరిపోతుంది.

చీకట్లో పెడితే మొలక తెల్లగా, పొడవుగా దారంలా సాగి, నాటేటప్పుడు విరిగిపోతుంది. వెలుతురులో వచ్చే మొలక పొట్టిగా, లావుగా, ఆకుపచ్చగానో ఊదారంగులోనో ఉంటుంది. చిటికెన వేలి గోరంత పొడవు చాలు. ఇలా సిద్ధమైన గడ్డ మట్టిలో పడ్డాక పది, పన్నెండు రోజుల్లో పైకి వస్తుంది. మొలక లేని గడ్డ మూడు నాలుగు వారాలు తీసుకుంటుంది. మన చిన్న చలికాలంలో ఆ తేడా చాలా పెద్దది. ఒక్కో గడ్డకు మూడు నాలుగు బలమైన మొలకలు ఉంచి మిగతావి గిల్లేయండి, గడ్డలు పెద్దవవుతాయి.

గడ్డను ముక్కలు కోసి నాటొచ్చా అని చాలామంది అడుగుతారు. చల్లటి దేశాల్లో బాగానే నడుస్తుంది. మన అక్టోబరు నేల వెచ్చగా, తడిగా ఉంటుంది. కోసిన ముక్క కుళ్ళే ప్రమాదం ఎక్కువ. ఒక ఏడు నేను కోసిన రోజే నాటాను, ఆ వారమే తుపాను వాన పడింది, సగం మడి పోయింది. గడ్డ మరీ పెద్దదైతేనే కోయండి. ప్రతి ముక్కకూ రెండు కళ్ళు, కనీసం 30 గ్రాముల బరువు ఉండాలి. కత్తిని మధ్యమధ్యలో వేడినీళ్ళలో ముంచి తుడవండి. ముక్కల్ని రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, కోసిన వైపు పొర కట్టాకే నాటండి.

మడి సిద్ధం చేయడం

రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగిలే చోటు కావాలి. అంతకుముందు టమాటా, వంకాయ, మిర్చి వేసిన మడి వద్దు. అవన్నీ ఆలుగడ్డకు దగ్గరి చుట్టాలే, వాటి తెగుళ్ళు మట్టిలో కాచుకుని ఉంటాయి. చిక్కుడు, బీర, ఆకుకూరలు వేసిన చోటు మంచిది.

నేల ముప్పాతిక అడుగు లోతు గుల్లగా తవ్వి రాళ్ళు ఏరేయండి. గట్టి నేలలో గడ్డ వంకర్లు తిరుగుతుంది. పదడుగుల మడికి బాగా చివికిన పశువుల ఎరువు రెండు పెద్ద తట్టలు, వేపపిండి ఒక కిలో కలపండి. పచ్చి పేడ అస్సలు వద్దు, వేరుపురుగునూ చెదలునూ పిలిచినట్టే. ఆలుగడ్డకు కాస్త పుల్లటి నేల ఇష్టం, ఉదజని సూచిక (pH, నేల పులుపును చెప్పే అంకె) 5.5 నుంచి 6.5 మధ్య. అందుకే సున్నం వేయొద్దు. బూడిద పొటాష్ ఇస్తుంది కదా అని పెద్దవాళ్ళు దోసిళ్ళకొద్దీ చల్లమంటారు. బూడిద నేలను సున్నంలాగే మారుస్తుంది, తోలు మీద గజ్జి మచ్చలు పెరుగుతాయి. మన నేలలు చాలాచోట్ల ముందే క్షారం వైపు ఉంటాయి కాబట్టి నేను పూర్తిగా మానేశాను. యూరియా కూడా వేయను. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతూనే ఉంటుంది, గడ్డ కట్టడం వెనకబడుతుంది.

మిద్దె మీదైతే 15 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తున్న గ్రో బ్యాగులు తీసుకోండి. ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కోకోపీట్ సమానంగా కలిపి, బ్యాగుకు రెండు గుప్పిళ్ళ వేపపిండి వేస్తే చాలు. ఒక్కో బ్యాగుకు రెండు గడ్డలు, అంతకు మించి వద్దు.

బ్యాగుల గురించి ఒక అపోహ బాగా తిరుగుతోంది. మొక్క పెరిగే కొద్దీ మట్టి పోస్తూ పోతే అంతస్తులు అంతస్తులుగా గడ్డలు కాస్తాయని చూపిస్తారు. తొందర రకాల్లో అలా జరగదు. అవి గడ్డలన్నిటినీ దాదాపు ఒకేసారి, నాటిన గడ్డకు కాస్త పైన ఒకే పొరలో కడతాయి. ఇంకో రెండడుగులు మట్టి పోసినా అందులో వచ్చేది కాండమే. అడుగున ఆరంగుళాల మట్టి, దాని మీద గడ్డ, పైన మూడు నాలుగు అంగుళాలు, తర్వాత ఎగదోయడానికి ఇంకో నాలుగంగుళాలు. ఇంతే లెక్క.

నాటే రోజు

నేల పిడికిట్లో పట్టుకుంటే ముద్దయ్యి, వదిలితే విడిపోయేంత తడిగా ఉండాలి. మడిలో రెండడుగుల దూరంతో రెండు సాళ్ళు తీయండి. సాలులో జానెడుకు ఒక గడ్డ చొప్పున, మొలక పైకి ఉండేలా, బెత్తెడు లోతున పెట్టి మట్టి కప్పండి. మొలకలు విరగకుండా చేత్తోనే కప్పాలి. ఆ పైన వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ పలచగా పరిస్తే పగటి వేడి నేలకు తగలదు. నవంబరు ఎండకు ఇది చాలా అవసరం.

నాటిన రోజు తేలికగా ఒక తడి. మొలక పైకి వచ్చేదాకా నేల మరీ ఎండితే తప్ప మళ్ళీ నీళ్ళు పోయొద్దు. ఈ పది పన్నెండు రోజులు చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టమే, కానీ ఎక్కువ గడ్డలు కుళ్ళేది ఇప్పుడే, మన టెన్షన్ వల్లే.

నీళ్ళు

మొక్కలు పైకి వచ్చాక మడికి వారానికి ఒకటి రెండు తడులు, నల్లరేగడిలో ఇంకా తక్కువ. బ్యాగులకు రోజు విడిచి రోజు. వేలు రెండు కణుపులు లోపలికి గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయండి.

30వ రోజు నుంచి 50వ రోజు దాకా మాత్రం ఒక్క తడి కూడా తప్పకూడదు. గడ్డలు ఎన్ని కడతాయో, ఎంత ఊరతాయో ఆ మూడు వారాల్లోనే తేలుతుంది. అప్పుడు నేల ఎండితే గజ్జి కూడా వస్తుంది. ఎండబెట్టి ఒకేసారి ముంచెత్తితే గడ్డ పగులుతుంది, లేదా పక్కన బుడిపెలు వేస్తుంది. నీళ్ళు ఉదయం పూట మొదళ్ళలో పోయండి. సాయంత్రం ఆకుల మీద చల్లితే తెగులును పిలిచినట్టే.

మట్టి ఎగదోయడం

మొక్క జానెడు ఎత్తయినప్పుడు, సుమారు 25 రోజులకు, కలుపు తీసి, ఒక్కో మొదట్లో గుప్పెడు వర్మీకంపోస్ట్ వేసి, రెండు వైపుల నుంచి మట్టిని మొదళ్ళకు ఎగదోసి బోదె కట్టండి. కింది రెండు మూడు ఆకులు మునిగినా ఫరవాలేదు. 40 రోజుల లోపు ఇంకోసారి చేయండి. ఆ తర్వాత పార పెడితే లోపలి తీగలు తెగుతాయి.

ఈ పని ఎందుకంటే, ఊరుతున్న గడ్డ పైకి తోసుకొచ్చి వెలుతురు చూస్తే పచ్చబడుతుంది. పచ్చబడ్డ గడ్డలో సొలనిన్ అనే విషం పెరుగుతుంది, చేదుగా ఉంటుంది, కడుపునొప్పి, వాంతులు తెస్తుంది. మడి చుట్టూ తిరిగినప్పుడల్లా పగుళ్ళు చూసి మట్టి కప్పండి. పూత తర్వాత కొన్ని మొక్కలకు చిన్న టమాటాల్లాంటి పచ్చటి కాయలు కూడా వస్తాయి. అవీ విషమే. పిల్లలున్న ఇంట్లో తుంచి పారేయండి.

పురుగూ తెగులూ

పెరటి మడికి మందుల అవసరం పెద్దగా రాదు, చూపు ఉంటే చాలు. ఆకుల అడుగున పేనుబంక, తెల్లదోమ కనిపిస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఉదయానికి లేత మొక్క మొదట్లో తెగి పడి ఉంటే, ఆ మొదట్లోనే మట్టి గీరితే చుట్టచుట్టుకున్న పురుగు దొరుకుతుంది, ఏరేయడమే.

ముదురు ఆకుల మీద గోధుమరంగు వలయాలు వలయాలుగా మచ్చలొస్తే అది ఆకుమచ్చ. ఆ ఆకులు తుంచేస్తే చాలావరకు ఆగుతుంది. మబ్బు పట్టి, తుంపర పడి, చలిగా ఉన్న రోజుల్లో ఆకు అంచు నుంచి నీళ్ళు పీల్చినట్టు నల్లబడుతూ, అడుగున తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం ఆకుమాడు తెగులు. 1845లో ఐర్లండ్‌లో మొదలై కరువు తెచ్చింది ఇదే. నాలుగైదు రోజుల్లో మడిని తినేస్తుంది. తుపాను మబ్బు కనిపించగానే లీటరు నీటికి రెండున్నర గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు ముందే కొట్టుకోవచ్చు. మందు వద్దనుకునేవాళ్ళు తెగులు సోకిన కొమ్మల్ని కోసి దూరంగా పారేసి, 60 రోజులు దాటి ఉంటే పైభాగం మొత్తం కోసేసి పంట తీసుకోవడం మేలు.

పచ్చగా ఉన్న మొక్క ఒక్కసారిగా వాలిపోతే కాండం కోసి గ్లాసు నీళ్ళలో నిలబెట్టండి. తెల్లటి పాలలాంటి ధార దిగితే అది బాక్టీరియా వడలు తెగులు. దానికి మందు లేదు. మొక్కను మట్టితో సహా తీసేసి, ఆ చోట రెండు మూడేళ్ళు ఈ కుటుంబపు పంటలు వేయొద్దు.

పందికొక్కుల సంగతి పుస్తకాల్లో తక్కువ కనిపిస్తుంది గానీ, ఊరి శివారు పెరళ్ళలో అసలు దొంగ అదే. డిసెంబరు చివర్లో బొరియలు కనిపిస్తే మడి చుట్టూ ఇనుప జాలీని అడుగు లోతున పాతండి.

తవ్వడం

60వ రోజు దాటాక ఓపిక పట్టలేకపోతే పట్టక్కర్లేదు. బోదె పక్కన వేళ్ళతో మెల్లగా మట్టి తొలిచి, తగిలిన గడ్డల్లో పెద్దవి ఒకటి రెండు తీసి మళ్ళీ కప్పేయండి. మిగతావి ఊరుతూనే ఉంటాయి. తోలు ఉల్లిపొరలా ఊడే ఆ లేత గడ్డ రుచి అంగట్లో కొనడానికి దొరకదు. నేను ఈ పంట ఏటా వేసేది దానికోసమే. పూత చూసి తవ్వుదామనుకోకండి, మన దగ్గర చాలా మొక్కలు పూయకుండానే గడ్డ కడతాయి. రోజులే లెక్క.

మొత్తం పంటకు 68, 70 రోజులకు నీళ్ళు ఆపి, కొడవలితో మొక్కల్ని నేలబారుగా కోసేయండి. కింద గడ్డలు వారం, పది రోజులు అలాగే ఉంటే తోలు ముదురుతుంది. ఒకటి తీసి బొటనవేలితో గట్టిగా రుద్దండి. తోలు ఊడకపోతే తవ్వొచ్చు. వెంటనే తినేసేటట్లయితే ఈ ఆగడం అక్కర్లేదు.

నేల పొడిగా ఉన్న ఉదయం, మొదలుకు ముప్పాతిక అడుగు దూరంలో గునపం దింపి పైకి లేపండి. మొదలు దగ్గరే దింపితే మంచి గడ్డే తెగుతుంది. తర్వాత చేతులతో వెతకండి, పిల్లల్ని పిలవండి. బాగా కుదిరిన ఏడు మా పదడుగుల మడిలో పది కిలోల దాకా వచ్చింది. బ్యాగుకు అర కిలో నుంచి కిలో.

తవ్విన తర్వాత

ఎండలో వదలొద్దు, కడగొద్దు. మట్టి దులిపి, నీడలో గోనెసంచి మీద ఒకే వరుసగా పరిచి, పైన ఇంకో గోనె కప్పి వారం ఆరనివ్వండి. తెగినవీ పురుగు తొలిచినవీ ముందు వండేయండి. పచ్చబడ్డవి పారేయండి. ఉల్లిగడ్డల పక్కన పెట్టొద్దు, రెండూ త్వరగా చెడతాయి. ఫ్రిజ్‌లోనూ వద్దు. చలికి లోపలి పిండి చక్కెరగా మారి, వేపుడు తియ్యగా, నల్లగా అవుతుంది. తొందర పంట నిల్వకు పుట్టింది కాదు, నెల రోజుల్లో తినేయాలి.

మిగిలిన చిన్న గడ్డల్ని వచ్చే ఏటి విత్తనానికి దాచాలనిపిస్తుంది. మన ఎండాకాలం గదిలో అవి అక్టోబరు దాకా నిలవవు. నిలిచినా పేనుబంక అంటించిన వైరస్ వాటిలో దాగి ఉండి, ఏటికేడు పంట తగ్గిస్తుంది. విత్తనం ప్రతి ఏడూ కొత్తదే తీసుకోండి.

మడి ఖాళీ అయ్యేది జనవరి మూడో వారానికి. నేల గుల్లగా ఉంటుంది కాబట్టి తోటకూర గానీ, వేసవి బెండ, గోరుచిక్కుడు గానీ వెంటనే విత్తుకోవచ్చు. టమాటా నారు మాత్రం అక్కడ పెట్టకండి. తవ్వేటప్పుడు తప్పిపోయిన గడ్డలు ఫిబ్రవరిలో అక్కడక్కడా మొలుస్తాయి. అవి కనిపించగానే గడ్డతో సహా పీకేయాలి, లేకపోతే పాత పంట తెగుళ్ళు వాటిలోనే బతికి వచ్చే స్వాతి దాకా ఉంటాయి.